మా ఇంటి కొత్త టీవీ



2025 దీపావళి ముందర మా ఇంట్లో పాత టీవీ తీసేసి కొత్తది పెట్టుకున్నాం. ఈ మాత్రం దానికి ఒక ప్రసంగమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. అందులోనూ రేడియో ముందు కూర్చుని టీవీ గురించి మాట్లాడటమంటే పుట్టింట్లో కూర్చుని అత్తింటి ముచ్చట్లు చెప్పడం లాంటిదే. అయినా చెబుతాను. టీవీ మార్చే ఆలోచనలో ఉన్న ఇళ్ళు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మేం చేసిన పొరపాటు వాళ్ళు చేయకుండా ఉంటే మంచిది.

మాది కృష్ణగిరి జిల్లా హోసూరు. తమిళనాడుకు ఈ కొస. బస్సెక్కితే ఇట్టే కర్ణాటక. నేను బడిలో తెలుగు చెబుతాను, ఉపాధ్యాయుల గదిలో తమిళం మాట్లాడతాను, పూల అంగడిలో ఎదుటివాళ్ళు ఏ భాష ఎత్తుకుంటే అందులో బేరమాడతాను. ఇంట్లో మటుకు తెలుగే. తరతరాలుగా ఇక్కడ ఉన్న మా తెలుగు. రేడియోలో చదివే తెలుగు కాదు. ఇంట్లో మేం నలుగురం. మా అత్త, మా ఆయన, నేను, పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి.

పాత టీవీ మా మామ 1999లో కొన్నది. ఇరవై ఒక్క అంగుళాలు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే అది హాల్లో మూల మేజా మీద ఉండేది, పైన కుట్టుపని చేసిన గుడ్డతో. ఇద్దరు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు. అంత బరువెందుకో నాకు చాలాకాలం తెలియదు. బడిలో సైన్సు మాస్టరు చెప్పారు. పిక్చర్ ట్యూబ్ అంటే పెద్ద గాజు బుడ్డి. లోపల గాలి ఉండదు. బయటి గాలి ఒత్తిడిని తట్టుకోవాలి కనుక గాజు మందంగా పోస్తారు. వెనక సన్నని మెడలోంచి ఎలక్ట్రాన్లు దూసుకువచ్చి తెర లోపలి పూత మీద పడితే ఆ చోట వెలుగుతుంది. ఆ వెలుగు గీతలు గీతలుగా పైనుంచి కిందికి దిగుతూ బొమ్మ కడుతుంది. మన దేశపు పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. లోపల పుట్టే కిరణాలు బయటికి రాకుండా ఆ గాజులో సీసం కలుపుతారట. బరువుకు అదొక కారణం.

అంతకుముందు, మామ నలుపు తెలుపు టీవీ కాలంలో, మిద్దె మీద యాంటెన్నా బెంగళూరు వైపు తిరిగి ఉండేదట. దూరదర్శన్ బెంగళూరు కేంద్రం 1981లో మొదలైంది. గాలిలో వచ్చేది కన్నడం, రాత్రికి హిందీ. తెలుగు కావాలంటే సినిమా హాలుకో రేడియో దగ్గరకో పోవాల్సిందే. ఇంట్లో పెట్టెలోంచి రోజూ తెలుగు రావడం కేబులు వచ్చాకే. 1995లో జెమిని, ఈటీవీ రెండూ ఆరంభమయ్యాయి. వాటి కోసమే మామ తన ఫ్యాక్టరీ బోనసు డబ్బుతో కలర్ టీవీ తెచ్చాడు. ఆ తెలుగు మా తెలుగులాగా ఉండేది కాదు, అది వేరే సంగతి. ఏ ఛానెల్ ఏ నంబరులో వస్తుందో ఒక అట్ట మీద గుండ్రని తెలుగు అక్షరాలతో రాసి టీవీ పక్క భాగానికి అంటించాడు. మా అత్త మూడో తరగతి దాకా చదివింది. తెలుగు చదవగలదు, కూడబలుక్కుని. తమిళం మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కరలేదు.

మామ 2014లో పోయాడు. తర్వాత సెట్ టాప్ బాక్సు వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి. అట్ట మీది నంబరు నొక్కితే ఏదో వంటల కార్యక్రమం వచ్చేది. అయినా అట్ట అలాగే ఉంచాం. అత్త కొత్త నంబర్లు నోటికి నేర్చుకుంది. 2019 ఫిబ్రవరిలో మరో మార్పు వచ్చింది. ఎవరికి కావలసిన ఛానెళ్ళు వాళ్ళు ఎంచుకుని వాటికే డబ్బు కట్టాలన్న ట్రాయ్ నిబంధన మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో దాని మీద చిన్న పంచాయితీ జరిగింది. తమిళం కట్ట ఒకటి, తెలుగు కట్ట ఇంకొకటి, రెంటికీ వేరువేరుగా డబ్బు. మా ఆయన తెలుగు తీసేద్దామన్నాడు. అన్నీ ఫోనులో వస్తున్నాయి కదా అని. అప్పుడు అత్త లోపలికి పోయి తన పెట్టెలోంచి రెండు వంద నోట్లు తెచ్చి మేజా మీద పెట్టింది. మా ఆయన ఇంకేం మాట్లాడలేదు. నోట్లు తిరిగి ఇచ్చేశాం, తెలుగు ఉండిపోయింది.

టీవీ మార్చాలన్న మాట మా అబ్బాయిది. మిగతా ముగ్గురికీ ఇష్టం లేదు. మా ఆయనది లెక్కల మనిషి అయిష్టం: పలుకుతున్నన్నాళ్ళు పలకనీ. నాది ఇంటి అప్పు వాయిదాల అయిష్టం. అత్త ఏమీ అనేది కాదు. పొద్దున్నే కసువు ఊడ్చాక కొంగుతో టీవీ అద్దం తుడిచేది, అంతే.

కానీ టీవీ మా మాట వినలేదు. ముందు బొమ్మ పైనా కిందా బెత్తెడు కుంచించుకుపోయింది. తర్వాత ఒకరోజు సీరియల్ మధ్యలో బొమ్మంతా పోయి తెర నడిమిన ఒక తెల్ల గీత మిగిలింది. మెకానిక్కు రెండుసార్లు బాగుచేశాడు. మూడోసారి అతను మూత తీసి చూసి, "ఈహెచ్‌టీ పోయింది టీచరమ్మా, ఈ మోడలుకు ఎక్కడా దొరకదు" అన్నాడు. మా మరిది ఇంట్లో ప్రభుత్వం ఇచ్చిన పద్నాలుగు అంగుళాల టీవీ ఉంది. 2006లో మొదలైన ఉచిత కలర్ టీవీ పథకంలోది. అది తెచ్చి కొన్నాళ్ళు నడుపుదామా అని కూడా ఆలోచించాం. మా అయిష్టం ఎంతదాకా పోయిందో చూడండి. అది వాళ్ళింట్లో బియ్యం డబ్బా మీద ఎక్కి ఉంది, అదీ పలకడం లేదు.

అంగడికి పోయాం. అక్కడ గోడనిండా టీవీలు, అన్నిట్లో ఒకే చిలుక. ఆ చిలుక రంగు చూసి మోసపోకండి. అంగడి దీపాల వెలుగులో ఆనడానికని రంగులు, వెలుగు బాగా ఎక్కించి పెడతారు. ఇంటికి తెచ్చాక అలాగే ఉంచితే రాత్రిపూట కళ్ళు నొస్తాయి, మనుషుల ముఖాలు పసుపు రాసినట్టుంటాయి. సెట్టింగులలో సాదా చిత్రం పెట్టుకుంటే సరిపోతుంది. రెండో సంగతి, అంగుళాలు అనేది తెర అడ్డంగా కొలిచేది కాదు, మూల నుంచి మూలకు. కూర్చునే చోటికీ గోడకూ మధ్య ఆరేడు అడుగులుంటే నలభై మూడు అంగుళాలు బాగానే ఉంటుంది. నాలుగైదు అడుగులే అయితే ముప్ఫై రెండు చాలు. కొలిచేది గోడను కాదు, ఆ దూరాన్ని. మూడోది పన్ను. ముప్ఫై రెండు అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. పన్ను లేకుండా 20,000 రూపాయల సరుకు మీద అది 2,000 రూపాయల తేడా. మా ఆయన మనసు మారింది ఆ 2,000 దగ్గరే.

కరెంటు బాగా తగ్గుతుందని అంగడి అబ్బాయి అన్నాడు. సగమే నిజం. మా పాత టీవీ సుమారు 80 వాట్లు. రోజుకు ఐదు గంటలు చూస్తే రెండు నెలల బిల్లులో 24 యూనిట్లు. ముప్ఫై రెండు అంగుళాల ఎల్‌ఈడీ అందులో సగం దాకా తింటుంది. కానీ తెర పెరిగేకొద్దీ ఆ మిగులు మళ్ళీ తెరకే పోతుంది. 2025లో తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితంగా ఉండేవి కనుక మాలాంటివాళ్ళం ఆ గీత దగ్గరే లెక్కలు వేసుకుంటూ ఉండేవాళ్ళం. టీవీ వెనక పట్టీ మీద వాట్లు రాసి ఉంటాయి, చదివి కొనండి.

పాతదాన్ని ఎక్స్ఛేంజి కింద అంగడివాళ్ళకే ఇచ్చాం. పాత సామాన్లవాడికి వేయవద్దు. వాళ్ళు రాగి కోసం గాజు పగలగొడతారు. లోపల గాలి లేని బుడ్డి కనుక పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి, గాజులోని సీసం మట్టిలో కలుస్తుంది. ఎలక్ట్రానిక్ చెత్తకు 2023 ఏప్రిల్ నుంచి కొత్త నియమాలే అమలులోకి వచ్చాయి. అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. టీవీని ఆటోలోకి ఎక్కించేటప్పుడు అత్త వాకిట్లో నిలబడి, "నిమ్మళంగా ఎత్తండప్పా" అంది. పక్కన అంటించిన అట్ట లేదని నేనప్పుడు గమనించలేదు.

కొత్త టీవీ గోడకెక్కింది. మొదటి సాయంత్రం సీరియల్ పెట్టగానే అత్త, "ఇదేమమ్మా, ఆయమ్మకి మొగము వాచిండాది?" అంది. మేం నవ్వాం. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మా బాక్సు పాతరకం. ఆ వచ్చే బొమ్మ నాలుగుకు మూడు కొలత. కొత్త తెర పదహారుకు తొమ్మిది. ఇరుకు బొమ్మను వెడల్పు తెరకు సాగదీస్తే ముఖాలు వాచక ఏమవుతాయి? పైగా 576 గీతల బొమ్మను అంత పెద్ద తెర మీద పరిస్తే మసక కూడా. పాత చిన్న టీవీలో అదే బొమ్మ శుభ్రంగా కనబడేది. ఇంకో మాట కూడా అంది, "మాట్లాడేది వినబడదే" అని. అదీ నిజమే. పాత పెట్టెకు ఎదురుగా పెద్ద స్పీకర్లుండేవి. ఈ పలకకు చిన్నవి, కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. పాట బాగుంటుంది, మాట గోడకు పోతుంది. మేం అప్పుడు అవేవీ పట్టించుకోలేదు. "అలవాటవుతుందిలే అత్తా" అన్నాను.

మా అబ్బాయి ఆనందానికి హద్దు లేదు. రిమోట్‌లో మైకు ఉంది, అందులో మాట్లాడితే పాట వెతికి పెడుతుంది. "అవ్వా, నువ్వు అడుగు" అని ఆమె నోటి దగ్గర పెట్టాడు. అత్త సిగ్గుపడుతూ "ఏమన్నా పాత పాట పెట్టప్పా" అంది. తెర మీద తమిళ అక్షరాల్లో ఏదో పడింది, వేరే ఏదో హాస్యం వచ్చింది. వాడు భాష తమిళం పెట్టుకుని ఉన్నాడు. అందరం మళ్ళీ నవ్వాం, అత్త కూడా నవ్వింది.

ఆ తర్వాత ఆమె టీవీ ముందు కూర్చోవడం మానేసింది. నేను బడినుంచి వచ్చేసరికి వరండాలో పూలు కడుతూ ఉండేది. చూడలేదా అంటే, "కండ్లు మంట పెడతా ఉండాయి, మీరు చూసుకోండి" అనేది. నిజమేననుకున్నాను. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళు కదా అని డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆయన చూసి కళ్ళు బాగున్నాయన్నాడు. అయినా చుక్కల మందు కొన్నాను. పదిరోజులు పొద్దునా సాయంత్రం నా చేత్తో వేశాను.

పదకొండో రోజు బడి మధ్యాహ్నమే వదిలారు. ఇంటికి వచ్చి చూద్దును కదా, అత్త హాల్లో కింద కూర్చుని ఉంది. ఎదురుగా నల్లటి తెర. గోడ దగ్గర స్విచ్చి ఆపేసి ఉంది. ఒళ్ళో రెండు రిమోట్లు, ప్లాస్టిక్ కవర్లలో. పక్కన మామ రాసిన అట్ట. టీవీ ఆటో ఎక్కకముందే దాన్ని నెమ్మదిగా ఊడదీసి దాచుకుందన్నమాట.

"ఏం అత్తా?" అన్నాను.

"ఏమీ లేదు. నొక్కితే ఇంగ్లీషు బొమ్మలు వచ్చె. ఇంకొకటి నొక్కితే అంతా నీలము. ఏం నొక్కితే ఏం చెడిపోతుందో, అంత డబ్బు పోసి తెచ్చిండారు. అట్లనే ఆపేస్తి."

"వాణ్ణి అడగకూడదా?"

"నాలుగు దినాలు అడిగినాను. వాడు పెట్టిచ్చి పోతాడు. కరెంటు పోయి వస్తే మళ్ళీ అదే కత. ఎన్నిమార్లు అడిగేదమ్మా?"

శ్రోతలారా, నేను ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతున్నాను. బీఈడీలో, తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకుపోవాలన్న సూత్రం మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఒకటో తరగతి పిల్లవాడు బలపం కింద పెట్టేసి కడుపు నొప్పి అంటే, అది కడుపు నొప్పి కాదని నాకు వెంటనే తెలుస్తుంది. ఇంట్లో మటుకు పదిరోజులు కళ్ళలో మందు వేశాను.

ఆ సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాం. టీవీ పెట్టగానే యాప్‌ల పేజీ రాకుండా నేరుగా కేబులు బాక్సు వచ్చేట్టు సెట్టింగులలో పెట్టే వీలుంది. మా దానిలో ఉంది, చాలా టీవీల్లో ఉంటుంది, వెతకండి. బొమ్మ కొలత నాలుగుకు మూడు చేశాం. అటూ ఇటూ నల్ల పట్టీలు మిగిలాయి గానీ వాపు తగ్గింది. శబ్దంలో మాటలు స్పష్టంగా వినిపించే పద్ధతి ఎంచుకున్నాం. టీవీ రిమోట్‌లో ఆమెకు కావలసింది ఒకే ఒక బటన్. దాని మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టాను. మైకుకు భాష తెలుగు చేశాం. ఇప్పుడది అత్త మాటల్లో సగం పట్టుకుంటుంది. ఆమె "ఉండాది" అంటే దానికి తెలియదు. "ఉంది" అనమంటే ఆమె అనదు.

తర్వాత కొత్త అట్ట రాశాను. ముందు ఎర్ర చుక్క నొక్కాలి, తర్వాత బాక్సు రిమోట్, తర్వాత నంబర్లు, ఒక్కొక్క ఛానెల్ పేరూ తెలుగులో పెద్ద అక్షరాలతో. అత్త వేలు పెట్టి చదివింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తనే పెట్టుకుంది. రేపు నేను లేనప్పుడు తడబడితే చూడరా అని అట్టను అబ్బాయి చేతికిచ్చాను. వాడు అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇందులో ఏం రాశావు?" అన్నాడు.

వాడు 2007లో పుట్టాడు. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున అందరికీ తప్పనిసరి అయింది. వాడు తమిళం, ఇంగ్లీషు బాగా చదువుకున్నాడు. దాన్ని నేను తప్పనను. ఉన్న ఊరి భాష రావాలి. కానీ సాయంత్రాలు ఇంట్లో అరగంట కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పడానికి ఏ చట్టమూ అడ్డం రాలేదు. ఊళ్ళో పిల్లలకు నేర్పి ఇంటికి వచ్చేసరికి నాకు ఓపిక ఉండేది కాదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ పద్దెనిమిదేళ్ళు గడిచాయి. వాడు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటే లోటు ఉందని తోచనే లేదు. అట్ట చేతికిచ్చేదాకా నాకది కనబడలేదు.

ఆ మాటకు అత్త వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇది జె. ఇది మి. ఇది ని" అని వేలితో చూపించింది. వాడు నవ్వుతూ విన్నాడు.

వారం తర్వాత అత్తకు ఇంకో ఛానెల్ కావలసివచ్చింది, పొద్దున పూట దేవుడి పాటలు వచ్చేది. నేను వంటింట్లో ఉన్నాను. వాడు నంబరు కనుక్కుని అట్ట మీద ఇంగ్లీషులో రాయబోతే వద్దంది. తనకు తెలిసే అక్షరాల్లో రాయమంది. వాడు నా పుస్తకాల బీరువాలోంచి ఒకటో తరగతి వాచకం తీసుకొచ్చుకున్నాడు. హాల్లోంచి ఇద్దరి మాటలూ వినిపిస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి "అయింది అవ్వా" అన్నాడు.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "భకతి అంటావేమిరా? క కింద తా వొత్తు పెట్టు" అంది.

అట్ట ఇప్పుడు టీవీ పక్కన గోడకు ఉంది, మామ రాసినదాని కిందనే. భక్తిలోని త వత్తు కొంచెం పెద్దదై పక్కకు జరిగి ఉంది.